అన్న పక్కన జాగ

కరీంనగర్
జనవరి 22, 2024

వనజకు, మీ వదినె రాస్తున్నది.

నువ్వు పంపిన నువ్వుల లడ్డూలు అందాయి. పంటికి మహా గట్టివి. మీ పక్కింటి జానకీబాయి చేసిందని రాశావు కాబట్టి ఊరుకుంటున్నాను, నువ్వు చేసి ఉంటే ఇంకో మాట చెప్పేదాన్ని.

ఫోను ఎత్తనందుకు కోపగించుకోకు. చెవిలో మిషను పెట్టుకున్నా ఫోనులో నాకు జుయ్ మనే మోత తప్ప ఇంకేమీ వినబడదు. సెల్లులో అక్షరాలేమో చీమల బారు. మీ అన్న శ్రీరాంపూర్ బొగ్గుబాయి నుంచి వారం వారం రాసిన ఉత్తరాలతోనే సంసారం చేసినదాన్ని, నాకు కాగితమే నయం.

పద్మలత గురించి ఇదివరకు రాశాను, గుర్తుందా? నిరుడు మట్టల ఆదివారం నాడు బాప్తిస్మం తీసుకున్న పిల్ల. పెనిమిటి సిద్దిరాములు సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేసేవాడు. ఆమె కడుపులో గడ్డకు మందులిప్పించడానికి ఇక్కడ కిరాయికి ఒక గది తీసుకున్నారు, అత్త శంకరవ్వ కూడా వెంట వచ్చింది. వాళ్ళెవరూ మన మతంలోకి రాలేదు. ఆ పిల్ల ఒక్కతే వచ్చి గుడిలో వెనక బెంచీ మీద కూర్చునేది. మొన్న క్రిస్మస్ తర్వాత డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. కాని ఏ ఇంటికి? సిరిసిల్లలోది ఖాళీ చేసే వచ్చారు. ఓనరు చెడ్డవాడేమీ కాదు. "కిరాయి ఇంట్ల పానం పోతే ఇల్లు పాడువెట్టాలంటరు అవ్వా, నాకు పరేషాన్ అయితది" అని నా ముందు రెండు చేతులూ జోడించాడు. అందుకని మన ముందుగదిలో మీ అన్న మంచం వేసి ఆమెను తెచ్చుకున్నాను. పోయిన వారం మధ్యాహ్నం పూట, అత్త ఒడిలో తల పెట్టుకుని కన్ను మూసింది. మన సమాధుల తోటలోనే పెట్టాం. చోటు దొరికింది.

ఈసారి ఈస్టర్‌కు నువ్వు రాకు. ఎండలు ముందే ముదిరేలా ఉన్నాయి, అంతసేపు బస్సులో నీ మోకాళ్ళు తట్టుకోవు. నేను బాగానే ఉన్నాను.

మీ కరుణ వదినె


ఆదిలాబాద్
ఫిబ్రవరి 4, 2024

చెవులు వినకున్నా మాట వినిపించే మా వదినెకు,

నా మోకాళ్ళ మీద నీకు ఇంత ప్రేమ ఎప్పటి నుంచి? రమ్మన్నా ఈసారి ఎలాగూ రాలేను. పండుగనాడు పిల్లలతో నాటకం వేయించమని అయ్యగారు నా మెడకు కట్టారు. పాతికేళ్ళు బడిలో పిల్లలతో వేగి రిటైరైనా గుడిలో వదలడం లేదు. పెండ్లి చేసుకోలేదు కదా, ఖాళీగా ఉంటాననుకుంటారు.

పద్మలత సంగతి చదివాను. మంచిపని చేశావు. అన్న ఉంటే మంచం తనే మోసుకొచ్చి వేసేవాడు.

నేనొకటి అనుకున్నాను. అన్న సమాధికీ, పక్కన నీకోసం ఆపిన జాగకూ కలిపి చుట్టూ ఒకటే గట్టు కట్టిద్దాం. కరీంనగర్‌లో గ్రానైట్‌కు ఏం కొదువ? గట్టు లేకపోతే రేపెవరైనా అది ఖాళీ జాగ అనుకుంటారు. అన్న పోయిన మూడో నాడు ఆ జాగ కోసం నేను సంఘం సెక్రటరీ ఇంటి అరుగు మీద కూర్చోవడం నువ్వు మరిచావేమో, నేను మరవలేదు. అన్నం తినకుండా కూర్చున్నాను. ఆయన భార్య భయపడి, రాసియ్యమని ఆయన్నే తిట్టింది. ఇన్నేళ్ళూ ఆయన బొగ్గుబాయిలో, నువ్వు కరీంనగర్ ఆస్పత్రిలో, ఆదివారం ఆదివారం చుట్టాల్లాగా కలుసుకున్నారు. రిటైరైన మరుసటి ఏడే ఆయన వెళ్ళిపోయాడు. కనీసం మట్టిలోనన్నా మీరిద్దరూ ఒక్కదగ్గర ఉండాలి వదినె. నాకు ఇంకో కోరిక లేదు.

మేస్త్రీని నువ్వే మాట్లాడు.

వనజ


కరీంనగర్
ఫిబ్రవరి 17, 2024

వనజా,

నేను బతికుండగానే నా చుట్టూ గట్టు కట్టిస్తానంటావేమిటి? అంత పారిపోయేదాన్నా?

గట్టు సంగతి ఇప్పుడే వద్దు. మేస్త్రీలు దొరకడం లేదు. ఈస్టర్ ముందటి శ్రమకాలం మొదలైంది, గుడిలో స్త్రీల మైత్రి వాళ్ళంతా ఇంటింటి ప్రార్థనలని తిరుగుతున్నారు. నన్ను కూడా లాక్కుపోతారు, నాకు పాట వినబడదు కాబట్టి ఒక చరణం వెనక పాడుతుంటాను. ఎవరూ ఏమీ అనరు.

నిన్న బస్టాండు దాటుతుంటే మీ అన్న గుర్తొచ్చాడు. సోమవారం తెల్లవారి బస్సుకు నేను సాగనంపేదాన్ని కదా. ప్రతిసారీ నా మొహం చిన్నబోయేది. ప్రతిసారీ ఆయన ఒక్కటే మాట, "ఆదివారం ఎంత దూరం కరుణా" అని. బస్సు కదిలే దాకా కిటికీలో నవ్వుతూ ఉండేవాడు. కదిలాక ఆయన మొహం ఎలా ఉండేదో నేను ఎన్నడూ చూడలేదు.

లడ్డూలతో పంపిన ఉత్తరంలో నీకు నిద్ర పట్టడం లేదని రాశావు. బీపీ గోళీ మానేశావేమో చూసుకో.

కరుణ


ఆదిలాబాద్
ఏప్రిల్ 6, 2024

చనిపోయి కూడా ఉత్తరాలు రాస్తున్న మా వదినెకు,

పండుగకు మా వీధి కైలాసం కరీంనగర్‌లో బిడ్డ ఇంటికి పోతుంటే, అన్న సమాధి దగ్గర వెలిగించమని కొవ్వొత్తులిచ్చి పంపాను. మంగళవారం తిరిగొచ్చాడు. భార్యను వెంటబెట్టుకుని, తల దించుకుని మా గడపలో నిలబడ్డాడు. "వదినె పోయిందని మాకొక్క మాట చెప్పకపోతివి టీచరమ్మా. అన్న పక్కన్నే మట్టి ఇంకా పచ్చిగున్నది" అన్నాడు. ఆయన భార్య నన్ను పట్టుకుని ఏడ్వడం మొదలుపెట్టింది. గోడ అవతల జానకీబాయి విన్నది. చావు ఇంట్లో పొయ్యి వెలగదని శనగపిండి పిట్లా, జొన్న భాకరి చేసి పళ్ళెం నిండా తెచ్చింది. నేను చెబుతూనే ఉన్నాను, మట్టల ఆదివారం నాడు రాసిన ఉత్తరం నిన్ననే వచ్చింది, ఆమెకు పాట వినబడదు గాని ప్రాణం ఉంది అని. ఎవరూ నమ్మలేదు. నాకు మతి చెడిందనుకున్నారు. భాకరి మాత్రం బాగుంది, నీ పేరు చెప్పుకుని తిన్నాను.

నవ్వుతున్నావా? నేను నవ్వడం లేదు. వాళ్ళు పోయాక పళ్ళెం కడుగుతుంటే అర్థమైంది. నన్ను రావద్దన్నావు. గట్టు వద్దన్నావు. "చోటు దొరికింది" అని రెండు మాటల్లో తేల్చావు.

మా అన్న పక్కన ఎవరిని పెట్టావు వదినె?

వనజ


కరీంనగర్
ఏప్రిల్ 15, 2024

వనజా,

పద్మలతను పెట్టాం. నువ్వు అనుకున్నది నిజమే.

ఆ పిల్ల చిన్నప్పుడు పొయ్యి మీద పడింది. వీపంతా కాలిన మచ్చలు. ఆఖరి వారంలో వాటికి నూనె రాస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "నన్ను కాలవెట్టద్దని చెప్పు అమ్మా. ఒక్కసారి కాలిన, సాలు. మీ తోటల ఇంత మట్టి ఇప్పియ్యి" అన్నది. ఇప్పిస్తానన్నాను. ఆస్పత్రిలో పనిచేసినన్నాళ్ళు పోయేవాళ్ళకు ఏదడిగితే అది ఇస్తామని చెప్పడం నాకు అలవాటే. ఆ మాట మళ్ళీ నా గడప దాకా వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఆమె పోయిన రోజు అయ్యగారూ పెద్దలూ వచ్చారు. సిద్దిరాములు ఆమె కోరిక చెప్పాడు, నా భార్య మాట కాదనలేనన్నాడు. కాని తోట నిండిపోయింది. కుటుంబాల పేరున ఆపినవి తప్ప జాగలు లేవు. ఊరి బయట ఇస్తామన్న కొత్త జాగ ఇంకా చేతికి రాలేదు. గోడ పక్కన మురికి కాలువ దగ్గర ఒక మూల ఉందని అయ్యగారే సిగ్గుపడుతూ చెప్పారు. తల్లీ కొడుకులు పోయి చూసి వచ్చారు. శంకరవ్వ ఎవరినీ ఏమీ అనలేదు. "ఆడ పెడితే వానకాలం పిల్ల నానిపోతది" అన్నది, అంతే. తడిబట్టల పిల్లను చూసి తల్లి అన్నట్టే అన్నది.

దేవుడు నాతో మాట్లాడాడని రాయను వనజా. నాకు ఏడుపొచ్చింది. ఏం చేయాలో ఆ క్షణంలోనే తెలిసింది, చేయబుద్ధి కాలేదు. వంటింట్లోకి పోయి పిడికెడు బియ్యం కుండ ముందు నిలబడ్డాను. ఎసరు పెట్టిన ప్రతిసారీ ప్రభువు కోసమని అందులో పిడికెడు వేస్తాం కదా. కోడలిగా వచ్చినప్పుడు మీ అవ్వ నేర్పింది. ఇన్నేళ్ళలో ఆ పిడికెడు వల్ల నేను ఒక్క పూటన్నా పస్తున్నానా? లేదు. ఉన్నదాంట్లో కొంచెం తీసి ఇవ్వడమే నాకు తెలుసు. ఒక్కటే ఉన్నది ఇవ్వడం ఎన్నడూ రాలేదు. యేసయ్యకు సొంత సమాధి లేదు, ఎవరో తన కోసం తొలిపించుకున్నది తెచ్చి ఇచ్చాడు. ప్రతి గుడ్ ఫ్రైడేకు వింటాం. ఆ ఇచ్చినతను తర్వాత ఎక్కడ పడుకున్నాడని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు, ఆ రోజు దాకా.

బయటికొచ్చి, "మా దేవదాస్ పక్కది తవ్వుండ్రి" అన్నాను. అయ్యగారు రెండుసార్లు అడిగారు. రెండోసారి నాకు వినబడనట్టు ఊరుకున్నాను. చెవులు లేకపోవడం ఒక్కోసారి మేలే.

నిన్ను అడగలేదు. నువ్వు వద్దంటావని తెలుసు, నువ్వు వద్దంటే నేను ఆగిపోతానని కూడా తెలుసు. తర్వాత చెప్పే ధైర్యం రాలేదు. నీకు కోపం వస్తే రానీ, మనసులో మాత్రం దాచుకోకు.

కరుణ


ఆదిలాబాద్
మే 3, 2024

వదినెకు,

నీ ఉత్తరం అందింది.

నువ్వు గొప్పపనే చేశావు. గుడిలో చెబితే అందరూ కండ్లు తుడుచుకుంటారు. కాని నేను అరుగు మీద కూర్చుని తెచ్చిన జాగ అది. అన్న అక్కడ నీ కోసం ఎదురుచూస్తూ పడుకున్నాడనే నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు ఆయన పక్కన ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్ల. నువ్వు రేపు ఎక్కడ? ఆ మురికి కాలువ పక్కనా? వానకాలం ఆమె నానకూడదు, నువ్వు నానవచ్చా?

జానకీబాయితో చెప్పుకుంటే, "ఇచ్చింది ఆమె జాగ గద బాయి, నీదైతే కాదు గద" అన్నది. అప్పటి నుంచి ఆమెతో కూడా మాట్లాడటం లేదు.

కొన్నాళ్ళు నాకు రాయకు. నాకు రాయాలని లేదు.

వనజ


కరీంనగర్
జూన్ 20, 2024

వనజా,

రాయకన్నావు, రాస్తున్నాను. జవాబు రాయకపోయినా సరే.

మొదటి వాన పడింది. పొద్దున్నే పోయి చూసొచ్చాను, మీ అన్న దగ్గర నీళ్ళు నిలవలేదు. తోవలో ఆయాసం వచ్చి రెండుసార్లు కూర్చున్నాను. డాక్టరు గుండె కొంచెం అలిసిపోయిందన్నాడు. నాలాగే అన్నమాట. ఫికర్ చేయకు, గోళీలు వేసుకుంటున్నాను.

జానకీబాయితో మాట్లాడు. ఆమె మీద అలిగితే నీకు కూర అప్పిచ్చేవాళ్ళు ఎవరున్నారు?

కరుణ


ఆదిలాబాద్
జులై 28, 2024

వదినె,

నీకు చెప్పకుండా కరీంనగర్ వచ్చిపోయాను. మొన్న శుక్రవారం. బస్సు దిగి నీ ఇంటికి రాకుండా నేరుగా తోటకు పోయాను. నీ గుండె సంగతి చదివాక ఇంట్లో ఉండలేకపోయాను, నీ మొహం చూడటానికి మాత్రం నా కోపం ఒప్పుకోలేదు. నిజం చెబుతున్నాను, నీ జాగలో పడుకున్న ఆ పిల్లను ఒకసారి చూసి నాలుగు మాటలు అనాలనే వచ్చాను. సమాధితో కొట్లాడటానికి అంత దూరం బస్సెక్కిన దాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అక్కడ ఒక ముసలామె ఉంది. చీర కొంగుతో రెండు సమాధుల మీదా ఆకులు తుడుస్తున్నది. మొదలు అన్నది తుడిచింది, తర్వాత కోడలిది. శంకరవ్వ అని అప్పుడే తెలిసింది. నేనెవరో ఆమెకు తెలియదు. చుట్టాలా అని అడిగితే తల ఊపాను.

"గీ అన్న భార్య ఇచ్చింది బిడ్డా గీ జాగ. పెద్ద మనిషి. ఆమె ఏడ పండుకుంటదో అని నాకు ఒక్కటే రంధి" అన్నది. తర్వాత వంగి, ఆ పిల్ల సమాధి మీద చెయ్యి పెట్టి మెల్లగా తట్టింది. "అందుకే వచ్చినప్పుడల్లా దీనికి చెప్పిపోత. జర జరుగు బిడ్డా, ఆ అవ్వకు ఇంత జాగ ఉంచు అని. మంచిపిల్ల, నా మాట ఎన్నడు కాదనలే."

వదినె, నేను అక్కడే మట్టిలో కూర్చుని ఏడ్చాను. అన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు, అప్పుడు అరుగు మీద కూర్చునే పని ఉండింది. ఆమె నన్ను ఓదార్చింది, నేను ఎవరి కోసం ఏడుస్తున్నానో అడగనే లేదు. సంచీలోంచి తీసి సగం సకినం చేతిలో పెట్టింది. తిన్నాను. ఈ ఏడాది నాకు అందరూ తిండి పెట్టేవాళ్ళే.

ఆ మొహంతో నీ ఇంటికి రాలేక అదే దారిన బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఆ చదువురాని అత్త చనిపోయిన కోడల్ని జరగమంటున్నది. బతికున్న నేను అంగుళం జరగలేదు.

ఇవాళ ఆదివారం ఆరాధన అయ్యాక మా పెద్దలను ఆపి మాట్లాడాను. ఇక్కడి తోటలో అవ్వ పక్కన నా కోసం ఆపిన జాగ నీకు తెలుసు. అవ్వను ఆఖరి దాకా చూసుకున్నదాన్ని నేను, ఆ జాగ తప్ప నాకంటూ ఎవరి పక్కనా చోటు లేదు. అది నీ పేరున రాయించాను. నేను గేటు దగ్గర చింతచెట్టు కింద పడుకుంటాను. అవ్వ పిలిస్తే వినబడేంత దగ్గరే, లేచి పోకుండా ఉండగలిగేంత దూరం.

వద్దనకు. నువ్వు నన్ను అడగకుండా ఇచ్చావు, నేనూ నిన్ను అడగకుండానే ఇచ్చాను. లెక్క సరిపోయింది.

జానకీబాయితో మాట్లాడుతున్నాను.

నీ వనజ


కరీంనగర్
ఆగస్టు 9, 2024

నా బంగారు వనజకు,

నీ ఉత్తరం చదివి, మళ్ళీ చదివి, కండ్లద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. శంకరవ్వ నిన్న వచ్చింది. తోటలో ఎవరో టీచరమ్మలాగా ఉన్న మనిషి చాలా ఏడ్చిందని, ఆమెకు కష్టాలేవో ఉన్నాయని, ప్రార్థన చేయమని నాతో చెప్పింది. చేస్తానన్నాను. నువ్వెవరో చెప్పాను కూడా. అయ్యో, ఇంకో సకినం పెట్టకపోతినని ఒకటే బాధపడింది.

మొదట వద్దని రాద్దామనుకున్నాను. అవ్వ పక్కన నువ్వు ఉండాలి, నేను కాదు. ఆ జాగ నీకు ఏమిటో నాకు తెలుసు. కాగితం తీసి "వద్దు" అని రాశాను కూడా. అప్పుడు తట్టింది. ఇచ్చేటప్పుడు ఏడ్చినదాన్ని, తీసుకునేటప్పుడు ఎందుకు బిగుసుకుపోతున్నాను? ఇవ్వడం కంటే ఇదే కష్టంగా ఉంది. నేను జాగ ఇస్తానన్న రోజు సిద్దిరాములు తల వంచుకుని ఎందుకు నిలబడ్డాడో ఇప్పుడు తెలిసింది. తీసుకుంటున్నాను వనజా. రెండు చేతులతో తీసుకుంటున్నాను.

కాని మీ అవ్వ పక్కన! బతికున్నన్నాళ్ళు ఆమె పక్కన ఒక్క పూట కుదురుగా కూర్చోలేకపోయాను. నర్సు కోడలు వద్దన్నది, కూరలో ఉప్పు తక్కువన్నది, కొడుకును శ్రీరాంపూర్‌లో ఒంటరిగా వదిలానన్నది. ఇప్పుడు పోయి శాశ్వతంగా పక్కన పడుకుంటే ఏమంటుందో. నాకు చెవులు వినబడవు కాబట్టి సర్దుకుపోతామనుకుంటాను. నువ్వు మాత్రం గేటు దగ్గర నుంచి తీర్పులు చెప్పకు.

సాయంత్రం తోటకు పోయి మీ అన్నకు సంగతంతా చెప్పాను. బస్టాండులో చిన్నబోయినట్టే నా మొహం చిన్నబోయింది, దాచను. అక్కడ కూర్చుని లెక్క వేసుకున్నాను. ఇన్నేళ్ళు ఆయన శ్రీరాంపూర్‌లో, నేను కరీంనగర్‌లో. ఇక మీద ఆయన కరీంనగర్‌లో, నేను ఆదిలాబాద్‌లో. ఒకే ఊరికి బదిలీ మా నొసట రాసి లేదు. కాని విడిగా ఉండటం మాకు కొత్త కాదు, ఎట్లా ఉండాలో ఇద్దరికీ బాగా తెలుసు. సమాధులన్నీ తెరుచుకునే ఆదివారం ఒకటి ఉందని నమ్మినవాళ్ళం మనం. ఆ పిల్ల లేస్తుంది, మీ అన్న లేస్తాడు, అవ్వా నేనూ నువ్వూ లేస్తాం.

ఆదివారం ఎంత దూరం, వనజా.

మీ వదినె
కరుణ